చెయ్యకుండా ఆగిన పాపాలు



ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ మనం ఇంటి సంగతులే ఎక్కువగా మాట్లాడుకున్నాము. పరాయి రాష్ట్రంలో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం, పెళ్ళి సంబంధాల కోసం సరిహద్దు దాటి వెళ్ళిరావడం, పెద్దవాళ్ళ మందులూ మాటలూ, ఇవే. ఈసారి కొంచెం లోపలి సంగతి. నేను క్రైస్తవుణ్ణని మీలో చాలామందికి తెలుసు. ఈ పత్రిక అన్ని మతాల తెలుగు కుటుంబాలదీ కనుక నా విశ్వాసాన్ని ఇక్కడ ఎప్పుడూ పెద్దగా ప్రస్తావించలేదు. కాని ఇప్పుడు చెప్పదలచుకున్నది దాన్ని పక్కనపెట్టి చెప్పగలిగే సంగతి కాదు. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. వేరే మతంవారు చదివినా తమ ఇంటి సంగతేనని అనుకుంటారని నా నమ్మకం.

గత డిసెంబరు నెలాఖరున మా బళ్ళారిలో ఒకరి ఇంట్లో కృతజ్ఞతా కూటం జరిగింది. తెలియనివారి కోసం చెబుతున్నాను. సంవత్సరం చివర నాలుగైదు కుటుంబాలు ఒక ఇంట్లో కూడి, పాటలు పాడి, ఆ ఏడు దేవుడు చేసిన మేలులు ఒక్కొక్కరూ లేచి చెప్పి, చివర ప్రార్థన చేసుకుని, భోజనం చేసి వెళ్ళిపోతారు. ఆ రోజూ అలాగే జరిగింది. ఒకాయన కొడుక్కి బెంగుళూరులో ఉద్యోగం దొరికిందని చెప్పాడు. ఒకామె తన కంటి ఆపరేషను బాగా జరిగిందని చెప్పింది. ఒక కుర్రవాడు బండి మీదినుంచి పడి కూడా చిన్న గాయంతో బయటపడ్డానని చెప్పాడు. అందరం "స్తోత్రం" అన్నాము.

చివర ఒక అవ్వ వంతు వచ్చింది. ఎనభై దాటిన మనిషి. లేవలేక చాప మీదే కూర్చుని చెప్పింది.

"నేను ఈ ఏడు చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పాపాలున్నాయి నాయనా. చెయ్యనీకుండా అడ్డం పడినందుకు దేవునికి స్తోత్రం."

ఎవరికీ ఏమనాలో తోచలేదు. ఒకరిద్దరు నవ్వారు. ఎనభై ఏళ్ళ అవ్వ ఏ పాపం చేయబోయిందని? పాస్టరయ్యగారు కూడా ఒక్క క్షణం ఆగి, ప్రార్థన మొదలుపెట్టారు. నేను మాత్రం కళ్ళు మూసుకున్నానే గాని ప్రార్థన వినలేదు. 1987లో జరిగిన ఒక సంగతి నా కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది.

ఆ కూటానికి ఇంకొకాయన కూడా వచ్చాడు. పేరు అవసరం లేదు. ఒకప్పుడు మా సంఘంలో పెద్ద. చనిపోయిన తమ్ముడి పిల్లలకు రావలసిన ఇంటిభాగాన్ని తన పేరున రాయించుకుని అమ్మేశాడు. బయటపడింది. గొడవ పంచాయితీకెక్కింది. ఆ రోజుల్లో అతణ్ణి పెద్దరికం నుంచి తీసెయ్యాలని గట్టిగా మాట్లాడినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. తీసెయ్యడం సరైనదే. దాన్ని ఇప్పుడూ తప్పనను. తరువాత అతను ఆ పిల్లల డబ్బు పూర్తిగా కట్టాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాడు. కొన్నేళ్ళకు మళ్ళీ ఆరాధనకు రావడం మొదలుపెట్టాడు. కాని అతను కూర్చున్న బెంచీలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ రాత్రి కూడా అతను గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట గోడకానుకుని కూర్చున్నాడు. నేను గది మధ్యలో, ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాను.

ఇక 1987 సంగతి.

బళ్ళారి 1953 సెప్టెంబరు ఆఖరు వరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మా బళ్ళారి మైసూరులో కలిసింది. మాలాంటి కుటుంబాలకు ఇల్లు ఇటు, సొంత ఊరు అటు అయిపోయింది. మా సొంత ఊరు గుంతకల్లు వైపు. అక్కడ మా నాన్న పేరున రోడ్డు పక్కన చిన్న ఇంటిస్థలం ఉండేది. అమ్మ ముందే పోయింది. నాన్న వీలునామా రాయకుండా పోయాడు. నేనూ, నా చెల్లెలూ ఇద్దరమే వారసులం. క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కీ కూతురికీ సమానభాగం. అది నాకు బాగా తెలుసు. నా చెల్లెలికి తెలియదు. ఆమె మూడో తరగతి చదివింది. భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఆ ఊళ్ళోనే ఉండేది.

నాకు బళ్ళారిలో ఇల్లు కట్టుకోవాలని కోరిక. చేతిలో దుడ్డు చాలదు. "పెళ్ళికి నాన్న అంతా పెట్టాడు కదా, మళ్ళీ భాగమేమిటి" అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒకసారి చెప్పుకున్న మాట పదిసార్లు చెప్పుకుంటే న్యాయంలాగే వినబడుతుంది. దస్తావేజులు రాసే ఆయన దగ్గరకు వెళ్ళి, చెల్లెలు తన హక్కు వదులుకుంటున్నట్టు కాగితం రాయించాను. "పన్ను కట్టడానికి పేరు మార్పించాలి, ఒక సంతకం పెడితే చాలు" అని చెల్లెలితో చెప్పాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. ఆ రోజు మాత్రం ప్రార్థన చేసుకుని బయలుదేరలేదు. అదొక్కటి గుర్తుంది.

వెళ్ళేసరికి సబ్‌రిజిస్ట్రారు ఒంట్లో బాగోలేక సెలవు పెట్టాడు. సోమవారం రమ్మన్నారు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. రైలు ఖర్చు దండగ, ఒకరోజు జీతం దండగ అని గొణుక్కున్నాను. చెల్లెలి ఇంట్లో అన్నం తిని, ఏమీ చెప్పకుండానే తిరిగివచ్చాను. వచ్చేటప్పుడు ఆమె నాన్న చదువుకున్న బైబిలు గుడ్డలో చుట్టి ఇచ్చింది. "ఇది కొడుకు దగ్గరే ఉండాలన్నా" అంది. అప్పటికైనా నా మనసు మారిందని రాయగలిగితే బాగుండేది. మారలేదు. బైబిలు సంచిలో పెట్టుకుని సోమవారం గురించే ఆలోచిస్తూ రైలెక్కాను.

ఆదివారం రాత్రి చలిజ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఆ మధ్యలో నా భార్య చొక్కా ఉతకబోయి జేబులు చూసింది. కాగితం దొరికింది. ఆమె నాకంటే ఎక్కువ చదివినది కాదు, కాని అక్షరం విడవకుండా చదివింది. మంచం దగ్గరకు వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇది మీ చెల్లెలికి చదివి వినిపించినారా?"

నేను మాట్లాడలేదు.

"చదివి వినిపించి, ఆమె సరే అంటే, అప్పుడు రాయించుకోండి. లేకుంటే ఆ దుడ్డుతో కట్టిన ఇంట్లో నేను పొయ్యి ముట్టించను."

ఇంతే. కాగితం చింపలేదు, అరవలేదు, ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ చొక్కా జేబులోనే పెట్టింది. నేను ఆమెతో మూడు వారాలు సరిగా మాట్లాడలేదు. చివరకు ఆ కాగితం ఏమైందో కూడా నాకు గుర్తులేదు. స్థలం తరువాత అమ్మినప్పుడు చెరిసగం పంచుకున్నాము. ఊళ్ళో "అన్న అంటే అలా ఉండాలి" అన్నారు. నేను ఆ మాట విని ఊరుకున్నాను. కాలం గడిచేకొద్దీ అది నిజమేనని నమ్మడం కూడా మొదలుపెట్టాను.

మనకొక సామెత ఉంది కదా, దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని. నేను దొరకని దొంగను కూడా కాను. దొంగతనానికి బయలుదేరి, దారిలో అడ్డం పడినందువల్ల ఆగినవాణ్ణి. బైట చూసేవారికి మాత్రం దొరనే.

మిత్రులారా, మనం దేవునికి సాధారణంగా రెండు రకాల కృతజ్ఞతలు చెబుతాము. ఇచ్చినవాటికి ఒకటి. క్రైస్తవులమైతే, క్షమించినవాటికి రెండోది. మూడోది ఒకటి ఉంది. ఆపినవాటికి. ఇది మన లెక్కల్లో కనబడదు. కారణం సులభమే. ఇచ్చినది చేతికి తగులుతుంది. చేసిన పాపం మనసును పొడుస్తూనే ఉంటుంది. జరగనిది మాత్రం ఎక్కడా కనబడదు. పైగా అడ్డం పడినప్పుడు మనకు అది మేలుగా తోచదు. రైలు తప్పినట్టు, పని చెడినట్టు, భార్య మొండికేసినట్టు తోస్తుంది.

బైబిలులో ఈ సంగతిని నాకు బాగా తెలియజెప్పిన కథ సమూయేలు మొదటి గ్రంథము 25వ అధ్యాయంలో ఉంది. దావీదు అప్పటికి రాజు కాలేదు. సౌలు రాజుకు దొరక్కుండా అడవులు పట్టి తిరుగుతున్నాడు. నాబాలు అనే ధనవంతునికి మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు. అతని కాపరులకు దావీదు మనుషులు అడవిలో కాపుగా ఉన్నారు. గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగ దినాన ఏదైనా ఇమ్మని దావీదు పదిమంది కుర్రవాళ్ళను పంపాడు. నాబాలు వాళ్ళను అవమానించి పంపేశాడు. దావీదుకు ఒళ్ళు మండింది. నాలుగు వందల మందికి కత్తులు కట్టించి, తెల్లవారేలోగా ఆ ఇంట మగపురుగు ఉండకూడదని ఒట్టు పెట్టుకుని బయలుదేరాడు. తప్పు చేసినవాడు ఒక్కడు. చావబోయేది ఇంటిల్లిపాదీ.

నాబాలు భార్య అబీగయీలుకు పనివాడొకడు సంగతి చెప్పాడు. ఆమె భర్తకు చెప్పకుండా రొట్టెలు, వండిన గొర్రెమాంసం, వేయించిన ధాన్యం, ఎండుద్రాక్ష, అంజూరపు పండ్ల అడలు గాడిదల మీద వేయించి ఎదురువెళ్ళింది. దావీదు ఎదుట సాగిలపడి ఒక మాట చెప్పింది. రేపు మీరు రాజైన రోజున, కారణం లేకుండా రక్తం చిందించానే అన్న బాధ మీ గుండెలో ఉండకూడదు. ఆమె మాటల సారం ఇది.

దావీదు చేసిన పని చూడండి. అడ్డం వచ్చిందని కోపగించుకోలేదు. నాలుగు వందలమంది ముందు పరువు పోయిందనుకోలేదు. ముందు దేవుణ్ణి స్తుతించాడు, ఈ దినం ఆమెను ఎదురుపంపినందుకు. తరువాత ఆమె వివేకాన్ని మెచ్చుకున్నాడు. ఆ తరువాత తన చెయ్యి రక్తంలో పడకుండా ఆపినందుకు ఆమెనే దీవించాడు. ఆపినది దేవుడే. కాని ఆ ఆపడం గాడిదల మీద రొట్టెలతో, ఒక ఇంటి ఇల్లాలి మాటతో వచ్చింది. దావీదు రెండింటినీ గుర్తించాడు. నేను రెండింటిలో ఒక్కటీ గుర్తించలేదు. సబ్‌రిజిస్ట్రారు సెలవును తిట్టుకున్నాను, జ్వరాన్ని తిట్టుకున్నాను, భార్య మీద అలిగాను.

ఇంకో కథ ఆదికాండము 20వ అధ్యాయంలోది. గెరారు రాజు అబీమెలెకు, అబ్రాహాము భార్య శారాను తన ఇంటికి రప్పించుకున్నాడు. ఆమె తన చెల్లెలని అబ్రాహామే చెప్పాడు మరి. దేవుడు రాత్రి కలలో రాజును హెచ్చరించాడు. తెలియక చేశానని రాజు అంటే, అది నాకు తెలుసు, నీవు పాపం చెయ్యకుండా ఆపినది నేనే అని జవాబు వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అబద్ధం చెప్పినవాడు భక్తుడు. పాపంలో పడకుండా ఆపబడినవాడు పరాయి దేశపు రాజు, అబ్రాహాము ఇంటివాడు కాడు. కాబట్టి దేవుడు మనుషులను ఆపేది మా గుడిలోనివాళ్ళనే అని అనుకోవడానికి వీల్లేదు. పొరుగింటి పెద్దమనిషి ఏ దేవునికి మొక్కినా, అతని చేతిని చెడు నుంచి ఆపుతున్నది ఆ కరుణే అని నేను నమ్ముతాను. లేకపోతే మనం రాత్రి తలుపేసుకుని నిద్రపోగలమా?

16వ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ తన "ఇన్‌స్టిట్యూట్స్" అనే గ్రంథంలో ఈ విషయం రాశాడు. దాని తుది లాటిన్ ప్రతి 1559లో వచ్చింది. ఆయన చెప్పినదాని సారం ఏమిటంటే, కొందరు సిగ్గువల్ల, కొందరు చట్టం భయంవల్ల, కొందరు నిజాయితీగా బతకడమే లాభమని ఎంచుకోవడంవల్ల చెడు చెయ్యకుండా ఆగుతారు. ఇవన్నీ దేవుడు వేసిన కళ్ళేలు. అయితే ఆయన అంతటితో ఆగలేదు. కళ్ళెం గుర్రాన్ని ఆపుతుందే గాని దాని స్వభావాన్ని మార్చదు. హృదయాన్ని శుభ్రం చేసే కృప వేరు, చెయ్యి పట్టుకుని ఆపే కృప వేరు అంటాడు. ఇది మనం మరిచిపోకూడదు. 1987లో నా చెయ్యి ఆగింది. నా మనసు అప్పటికి మారలేదు. ఆగినందుకు కృతజ్ఞత చెప్పాలి, మనసులో చేసినదానికి క్షమాపణా అడగాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే లెక్క సగమే.

ఆపేదాని విలువ మనకు ఎప్పుడు తెలుస్తుందో మా జిల్లావాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాముకు 33 గేట్లు. సుమారు డెబ్బై ఏళ్ళు ఆ గేట్లను పట్టి ఉంచిన గొలుసుల గురించి మాలో ఎవరమూ ఒక్కరోజూ ఆలోచించలేదు. వర్షాలు పడితే నీళ్ళ గురించి, పడకపోతే కరువు గురించి మాట్లాడుకునేవాళ్ళం. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. నిండుగా ఉన్న నీరు ఆపేవాళ్ళు లేక ఏటిలోకి దూకింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తవలసి వచ్చింది. కర్ణాటకలోనూ ఆంధ్రలోనూ ఆయకట్టు రైతులు ఈసారి పంటకు నీళ్ళుంటాయా అని దిగులుపడ్డారు. వారం రోజులకు ఇంజనీర్లూ పనివాళ్ళూ ఆ ఖాళీలో ఇనుప అడ్డుపలకలు దింపి నీరు ఆపారు. అప్పుడు గాని గొలుసు అనేది ఒకటుందని మాకు తెలియలేదు. మనిషి లోపలి గొలుసులూ అంతే. తెగినవాణ్ణి చూసి వేలెత్తి చూపిస్తాము. మనది తెగకుండా ఎవరు పట్టుకున్నారో అడగము.

ఇక్కడ మీలో ఒక ప్రశ్న పుట్టి ఉండాలి. దేవుడు నిన్ను ఆపినవాడు, ఆ గుమ్మం దగ్గర కూర్చున్నాయనను ఎందుకు ఆపలేదు? నేనూ ఈ ప్రశ్నతో చాలా రోజులు తిరిగాను. దీనికి పూర్తి జవాబు నా చేతిలో ఉందని చెప్పను. కాని అదే దావీదు జీవితంలో తరువాత జరిగినది నాకు కొంత వెలుగిచ్చింది. సమూయేలు రెండవ గ్రంథము 11వ అధ్యాయం తీయండి. ఇప్పుడు దావీదు రాజు. మేడమీదినుంచి బత్షెబను చూసి, ఆమె ఎవరని అడిగించాడు. ఊరియా భార్య అని జవాబు వచ్చింది. ఆ జవాబే ఒక అడ్డు. దాటాడు. తప్పు కప్పిపుచ్చడానికి ఊరియాను యుద్ధం నుంచి పిలిపించి ఇంటికి పొమ్మన్నాడు. ఊరియా, తోటి సైనికులు బయళ్ళలో పండుకుంటుంటే నేను ఇంటికి వెళ్ళనని రాజద్వారం దగ్గరే పడుకున్నాడు. ఆ సైనికుని నిజాయితీ రెండో అడ్డు. అదీ దాటాడు. చివరకు ఊరియాను చంపించే ఉత్తరం ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. సేనాపతి యోవాబు ఎదురుమాట లేకుండా చెప్పినట్టు చేశాడు. అబీగయీలు మాట విని ఆగిన దావీదే ఇప్పుడు రెండు అడ్డులు దాటి వెళ్ళాడు.

కనుక అడ్డులు లేవని మనం సాకు చెప్పుకోలేము. చాలాసార్లు అవి ఉంటాయి, మనం వినము. అందుకే నా ప్రార్థన ఈమధ్య కొంచెం మారింది. యేసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థనలో, శోధనలోకి వెళ్ళనీయకుండా, కీడు నుండి తప్పించమని అడిగే మాట ఉంది. చిన్నప్పటినుంచి వేలసార్లు చెప్పిన మాట. ఇప్పుడు అక్కడికి రాగానే ఆగి, ప్రభువా, నన్ను ఆపడానికి నీవు ఎవరినైనా పంపితే, నేను ఆ మనిషిని తోసేసి వెళ్ళకుండా చెయ్యి అని కలుపుకుంటున్నాను.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను, సుమారు 400వ సంవత్సరం ప్రాంతంలో తన "కన్ఫెషన్స్" రాశాడు. తన తప్పులు ఒప్పుకుంటూ దేవునితో మాట్లాడే పుస్తకం అది. రెండవ భాగంలో, పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి పొరుగువాళ్ళ బేరిపండ్లు దొంగిలించిన సంగతి చెబుతాడు. ఆకలికి కాదు, దొంగతనం సరదాకే. ఆ సంగతి చెప్పి, చేసిన పాపాలు క్షమించినందుకే కాక, చెయ్యకుండా ఉండిపోయిన పాపాలకూ నీ కృపే కారణమని దేవునికి ఒప్పుకుంటాడు. ఆ వెంటనే ఇంకో మాట అంటాడు. జబ్బుపడి బాగైన నన్ను చూసి, జబ్బే పడనివాడు నవ్వకూడదు. నన్ను బాగుచేసిన వైద్యుడే అతనికి జబ్బు రాకుండా కాపాడాడు. నా మాటల్లో చెప్పాను గాని ఆయన భావం ఇదే.

ఆ పుస్తకం నేను ఎప్పుడో చదివాను. చదివినప్పుడు బాగుందనుకున్నాను. అవ్వ మాట విన్న రాత్రి దాకా అది నా గురించని అనుకోలేదు.

కూటం అయిపోయి విస్తళ్ళు వేశారు. నేను కుర్చీ వదిలి వెళ్ళి గుమ్మం దగ్గర అతని పక్కన కూర్చున్నాను. పెద్ద మాటలేమీ మాట్లాడుకోలేదు. "మోకాళ్ళ నొప్పి ఎట్లుంది?" అన్నాను. "అట్లే ఉందప్పా" అన్నాడు. పప్పు వడ్డిస్తే ఇద్దరం తిన్నాము. చెయ్యి కడుక్కునేటప్పుడు అతను చెంబుతో నా చేతిమీద నీళ్ళు పోశాడు. ఇంతే జరిగింది. అతను చేసినది చిన్న తప్పని నేను ఇప్పుడూ చెప్పను. తమ్ముడి పిల్లలు అనుభవించిన కష్టం నిజం. కాని అతనికీ నాకూ మధ్య నేను ఇన్నేళ్ళూ కట్టుకున్న గోడకు పునాది నా మంచితనం కాదని ఆ రాత్రి తెలిసింది. ఒక అధికారి సెలవు, ఒక జ్వరం, ఒక ఇల్లాలి ప్రశ్న. అంతే దాని పునాది.

జనవరిలో చెల్లెలి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఆమెకు ఇప్పుడు మనవళ్ళున్నారు. చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆమె శనక్కాయలు ఒలుస్తూ విని, కొంతసేపు ఊరుకుంది. తరువాత అంది.

"ఆ పొద్దు ఆయప్ప సెలవు పెట్టకుండా వచ్చింటే, నేను సంతకం పెట్టేదాన్నే అన్నా. నువ్వు అడిగితే చదివేదా నేను?"

నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆ మాటతో మాత్రం నాకు తెలిసింది. ఆ పాపానికీ నాకూ మధ్య నా చెల్లెలి తెలివి అడ్డం లేదు, నా మనస్సాక్షి అడ్డం లేదు. నేను తిట్టుకున్న ఆ అడ్డంకులే దేవుని చెయ్యి. కాసేపటికి ఆమె, "పిల్లోళ్ళకు ఈ సంగతి చెప్పొద్దులే" అని శనక్కాయలు నా సంచిలో పోసింది. ఆమె క్షమించింది. ఒక పూటంతా కొంచెం దూరంగా ఉంది కూడా. రెండూ నిజమే. రెండూ నాకు రావలసినవే.

ఇంటికి వచ్చి నా భార్యతో కూడా చెప్పాను. ఆ రోజు నువ్వు అడ్డం పడకపోతే నేనేమయ్యేవాణ్ణో, నీకు ఏనాడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, "ముప్పై ఏళ్ళు దాటినాక గుర్తొచ్చిందా? కాఫీ చల్లారిపోతోంది, తాగండి" అంది. లోపలికి వెళ్ళి వంటింట్లో చాలాసేపు ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చినట్టు నాకు అనిపించింది. అడగలేదు.

పాఠక మిత్రులారా, ఉపదేశం చెయ్యడం ఈ శీర్షిక పని కాదు. ఒక చిన్న పని మాత్రం సూచిస్తాను. ఏడాది చివర ఇంటి జమాఖర్చు చూసుకున్నట్టే, ఒక సాయంత్రం కూర్చుని ఈ మూడో లెక్క కూడా చూసుకోండి. కోపంతో రాసి పోస్టు చెయ్యని ఉత్తరం ఏది? చేతిదాకా వచ్చి జారిపోయిన అన్యాయపు డబ్బు ఏది? వెళ్ళకూడని చోటికి బయలుదేరితే వాన వచ్చి ఆపిన రోజు ఏది? అప్పుడు ఎవరిని తిట్టుకున్నారో గుర్తుచేసుకోండి. ఆ మనిషి ఇంకా బతికి ఉంటే ఒక మాట చెప్పండి. లేకపోతే దేవునికైనా చెప్పండి.

మీ ఇంట్లో ఎవరైనా తప్పుదారిన బయలుదేరడం చూస్తే, నా భార్య చేసినట్టు ఒక్క ప్రశ్న అడగండి. పదిమందిలో కాదు, అరిచి కాదు. అలిగితే అలగనివ్వండి.

పడినవాళ్ళ పక్కన ఒక పూట కూర్చుని భోంచెయ్యండి. అది వాళ్ళకు మనం చేసే ఉపకారమని అనుకోవద్దు. మనం ఎక్కడినుంచి తప్పించుకున్నామో మరిచిపోకుండా ఉండటానికి.

ఆ అవ్వను మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పట్టుకుని అడిగాను. "అవ్వా, ఆ రోజు చెప్పినావే, ఏ పాపం చెయ్యబోయినావు?" అవ్వ బోసినోరు తెరిచి నవ్వింది. "నా కోడలిని అడుగు నాయనా, ఆమెకు తెలుసు. నోటిదాకా వచ్చినవి ఎన్ని మింగినానో" అంది. పక్కనే ఉన్న కోడలు కూడా నవ్వి, "నేను మింగినవి ఎవరు లెక్కపెడతారు?" అంది.

ఆ లెక్క పెట్టేవాడొకడున్నాడని నా నమ్మకం. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.